సున్నంలో దాక్కున్న పసుపు

1935 ఫిబ్రవరి 11, సోమవారం. ఏలూరు.

రిటైరై మూడేళ్ళయినా ఏడున్నర కొట్టేసరికి నా కాళ్ళు డిస్పెన్సరీ వైపే లాగుతాయి. ఇవాళ కూడా చెప్పులు తొడుక్కుని తూర్పు వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చాను. శేషారత్నం గుమ్మంలోనే నిలబడి, ఏవండీ, ఇవాళ పేషెంట్లు తక్కువా అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఒక్కనాడూ ఊరికే వదల్లేదు.

కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళు కాంపౌండరుగా సీసాలు కలిపిన చేతులు కదా, ఖాళీగా ఉంటే దురద పెడతాయి.

పదకొండు గంటలకి ఆ దురద తీరింది. కొల్లేటికోట నుంచి వెంకటనరసమ్మ అనే ఆవిడ వచ్చింది. పోయినేడు ఆవిడ కాలి పుండుకి నేనే మందు వేశాను. తమ్ముడు సూరిబాబు భాగవతాల్లో ఆడవేషం కడతాడు. ఆ సూరిబాబును నేనూ చూశాను. గడ్డం, మీసం మొలవని మొహం. రేవులో నిలబడి వల విసిరే మనిషి చీర కట్టి తెర వెనక నుంచి వస్తే, నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళే తమ జడలు సవరించుకున్నారు. పెద్దింటమ్మ తల్లి ఆ మొహాన్ని తన చేత్తో నిమిరిందని, అందుకే వెంట్రుక మొలవదని ఆ లంకల్లో అందరి నమ్మకం.

ఆ సూరిబాబు ఏడాదిగా కృశించిపోతున్నాడట. వేషం కట్టిన మర్నాడల్లా వాంతులు. అరికాళ్ళలో నిప్పులు. అరచేతులు కాయలు కాసి గరుకెక్కాయట. కాంపౌండరు గారండీ, వల లాగినా ఇలాంటి కాయలు రావండీ అంది. తరవాత కొంగులోంచి ఒక అరిటాకు పొట్లం తీసి అరుగు మీద పెట్టి దూరంగా జరిగింది. తమలపాకు చిలకలు. మరదలు ఆదిలక్ష్మి చుట్టి ఇచ్చినవట, ఆటకి వెళ్ళేటప్పుడు. ఆట ఉన్న రోజునే తింటాడు, ఆట అయిన మర్నాడే పడిపోతాడు. వీటిలో ఏముందో మీరే చెప్పాలండీ అంది.

ఏముంటుందమ్మా, ఆకు, వక్క, సున్నం అన్నాను. అన్నానే గాని, అప్పటికే చెయ్యి పొట్లం మీద ఉంది.

ఫిబ్రవరి 12, మంగళవారం.

ఎంత కాలానికి! పెరట్లో పొయ్యి పక్కన లేబరేటరీ పెట్టాను. ఒక మందు సీసా, బిరడా, గాజు గొట్టం, ఐరన్ సల్ఫైడు ముక్కలు, మ్యురియాటిక్ యాసిడు. ఈ చివరి రెండూ కలిస్తే వచ్చే గ్యాసు పట్టిస్తే ఆర్సెనిక్ పచ్చబడుతుంది. నా దగ్గర ఉన్న కెమిస్ట్రీ పుస్తకానికి అట్టా లేదు, మొదటి అరవై పేజీలూ లేవు. అది గంధకంతో మొదలవుతుంది. అంచేత గంధకానికి ముందు ప్రపంచంలో ఏముందో నాకు తెలియదు గాని, గంధకం తరవాత సంగతులు ఎవరడిగినా చెప్పగలను.

ఆకుల మీది సున్నాన్ని చాకుతో గీకి నీళ్ళలో కలిపాను. యాసిడు పోశాను. పోయగానే పచ్చబడింది. ఇంకా గ్యాసు పట్టలేదు, అయినా పచ్చబడింది! తరవాత గ్యాసు కూడా పట్టాను, పద్ధతి పద్ధతే కదా. అడుగున పసుపు రేకులు దిగాయి. వడకట్టి అమ్మోనియా పోశాను, పసుపు మాయం. మళ్ళీ యాసిడు పోశాను, పసుపు ప్రత్యక్షం. ఆర్సెనిక్. సందేహం లేదు.

కుళ్ళిన గుడ్ల కంపుకి పక్కింటి లక్ష్మీకాంతం గోడ మీంచి తొంగి చూసి, పిన్నిగారూ, మడి ఆచారం వదిలేశారా అని అడిగింది. శేషారత్నం, మీ బాబాయిగారు గుడ్డు వండలేదమ్మా, గుడ్డే ఆయన్ని వండుతోంది అంది.

నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ళు తగ్గినట్టుంది.

ఫిబ్రవరి 13, బుధవారం.

వెంకటనరసమ్మకి చీటీ రాసి ఇచ్చాను, ఇంగ్లీషులో, సంతకంతో: ఆర్సెనిక్ ప్రెజెంట్. ఎంత అందంగా వచ్చింది సంతకం!

ఫిబ్రవరి 17, ఆదివారం.

కాఫీ హోటల్లో నాలుగు రోజులుగా ఇదే కథ. ప్లీడరు గుమాస్తా నరసింహమూర్తి గారు, అయితే మీరు కెమికల్ ఎగ్జామినర్ అన్నమాట అన్నారు. కాదని అనలేదు నేను.

ఆర్సెనిక్ గురించి వాళ్ళకి చెప్పింది ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటాను. అది ఒంటరిగా ఉండలేని మనిషి లాంటిది. ఎక్కడ చూసినా గంధకాన్ని వెంటేసుకుని తిరుగుతుంది. రెండూ కలిసి రాయిగా ఉంటే పచ్చటి రేకుల అరదళం. పాళ్ళు కాస్త మారితే ఎర్రటి మణిశిల. ఆ మణిశిలను ఎండలో పెడితే కొన్నాళ్ళకి పొడిపొడిగా రాలి పసుపైపోతుంది. బర్మా నుంచి వచ్చిన ముక్క ఒకటి నా కిటికీలో పెట్టి చూశాను. ఇది తమాషా కాదు, తమాషా ఇంకోటి ఉంది. ఒక ఆర్సెనిక్, మూడు గంధకాలు జట్టు కట్టి, ఆ జట్టు మొత్తం ఒక యాసిడు లాగా ప్రవర్తిస్తుందట. అంటే ఎప్పుడూ ఒక లోహాన్ని పట్టుకుని వేలాడాలి దానికి. భూమి అడుగున వెండిని పట్టుకుంటే కెంపులాంటి రాయి అవుతుందట, పగలగొడితే నెత్తురు రంగు. రాగిని పట్టుకుంటే బూడిద రంగు. ఒకే జట్టు, పట్టుకున్న చెయ్యిని బట్టి వేషం మారుస్తుంది.

నరసింహమూర్తి గారు, అయితే మా ఆఫీసులో కూడా ఉందండీ ఆ జట్టు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకో తొందరగా లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 23, శనివారం. సాయంత్రం నాలుగు.

వెంకటనరసమ్మ మళ్ళీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

నా చీటీ తీసుకెళ్ళి మునసబు బుల్లిరాజు గారికి ఇచ్చిందట. ఆయన ఇంట్లో వెతికించారట. అటక మీద కాగితంలో చుట్టిన తెల్ల పాషాణం ముక్క దొరికింది. ఆదిలక్ష్మి కాదనలేదట. ఎలకలు వలలు కొరికేస్తున్నాయండీ, తాడేపల్లిగూడెం పుట్టింటికి వెళ్ళినప్పుడు తెచ్చానండీ అందట. పందొమ్మిదో తారీకు నుంచి ఆ పిల్లని మునసబు గారి ధాన్యపు కొట్లో కూర్చోబెట్టారు. తిండి లోపలికే. బయటికి రావడం లేదు. ఊరికి అపవిత్రం రాకుండా జాతర మొదటిరోజు దాకా ఆగి, ఆ మర్నాడే పోలీసులకి కబురు పంపుతారట. పెద్దింటమ్మ జాతర మార్చి ఆరున మొదలు.

చట్టప్రకారం కొట్లో పెట్టే హక్కు మునసబుకి ఎక్కడిదమ్మా అన్నాను. మీ చీటీ ఉంది కదండీ అంది.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. మొన్న పెదపాడులో ఆట ఆడి వచ్చాక మళ్ళీ వాంతులయ్యాయట. చిలకలు ఈసారి ఎవరు చుట్టారమ్మా అన్నాను. నేనేనండీ, నా చేతుల్తో చుట్టాను, వాడు సున్నం పెట్టుకునే డబ్బీ, ఆ సున్నపు కాయ, వాడే ఇస్తే అంది. మరి ఆదిలక్ష్మి కొట్లో ఉండగా ఎలా అని అడిగాను. పాత విషం ఇంకా వదల్లేదండీ ఒంట్లోంచి అంది. అలా అంటూ నా మొహంలోకి చూసింది. అవునని నేను అనాలని చూసింది. నేను అనలేదు.

ఫిబ్రవరి 24, ఆదివారం.

ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఉదయం నుంచి కాలవ గట్టు మీద మూడు సార్లు తిరిగాను. మూడోసారి తిరిగొచ్చి ఈ డైరీలో పన్నెండో తారీకు పేజీ చదివాను.

'ఇంకా గ్యాసు పట్టలేదు, అయినా పచ్చబడింది!' అక్కడొక ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. వెధవని. పచ్చబడాలంటే గంధకం కావాలి. గంధకం ఇవ్వడానికే ఆ గ్యాసు. గ్యాసు పట్టకుండా అంత గంధకం ఎక్కణ్ణించి వచ్చింది?

ఫిబ్రవరి 25, సోమవారం.

పొద్దుటి రైల్లో తాడేపల్లిగూడెం. రైల్లో ఒకాయన పక్కన కూర్చుని తన మోకాలి నొప్పి చెప్పడం మొదలెట్టాడు. మామూలుగా అయితే నిడదవోలు దాకా నేనే వదలను. ఇవాళ విననే లేదు.

వెంకట్రాజు పచారీ కొట్టు. నాలుగు కొట్లు అడిగాక తేలింది, ఆదిలక్ష్మి పాషాణం కొన్నది అక్కడే. అవునండీ, సంక్రాంతి ముందండీ, ఎలకలకేనండీ అన్నాడు. ఎవరైనా ఎలకలకే అంటారు కదా అన్నాను. ఆయన నొచ్చుకుని, ఆయ్, నేను మొహాలు చూసి అమ్ముతానండీ అన్నాడు. జబ్బు ఏడాది నుంచీ ఉంటే ఈ పాషాణం వచ్చింది రెణ్ణెల్ల కిందట. ఈ లెక్క మునసబు గారికి గాని, వెంకటనరసమ్మకి గాని, ఘనత వహించిన నాకు గాని తట్టలేదు.

సూరిబాబు కూడా వస్తాడా మీ కొట్టుకి అని అడిగాను. భాగవతులందరూ వస్తారండీ, అరదళం కోసం, మొహానికి పూసుకోవద్దూ, సూరిబాబు మాత్రం అందరికంటే ఎక్కువ పట్టుకెళ్తాడండీ అన్నాడు.

పాషాణం ఒక ముక్క, అరదళం ఒక ముక్క కట్టించుకున్నాను. ఎందుకు కావాలో కాగితం మీద రాయమన్నాడు. ఎలకలకి అని రాశాను.

ఫిబ్రవరి 26, మంగళవారం.

రెండు గిన్నెలు పెట్టాను.

మొదటి గిన్నె: మంచి గుల్ల సున్నం, పాషాణం పొడి. యాసిడు పోశాను. పొంగింది, తేరింది, నీళ్ళలా ఉండిపోయింది. పసుపు లేదు. గ్యాసు పట్టాకే పచ్చబడింది. పాషాణంలో ఆర్సెనిక్ ఉంది గాని గంధకం లేదు. అంటే ఆ చిలకల్లో ఉన్నది పాషాణం కాదు. ఆ పిల్ల అటక మీది ముక్క కాదు.

రెండో గిన్నె: గుల్ల సున్నం, అరదళం పొడి, నీళ్ళు. రాత్రే నానబెట్టి ఉంచాను. పొద్దున చూస్తే పసుపు లేదు. తెల్లగా, కాస్త బూడిద రంగుగా, బుద్ధిమంతురాలిలా కూర్చుంది. యాసిడు చుక్కలు వేస్తే ఒక్కసారిగా పసుపు, ఒక్కసారిగా కంపు. అదే. చిలకల్లో ఉన్నది ఇదే.

రాయిగా ఉన్న అరదళం నీళ్ళలో కరగదు, కడుపులోకి పోయినా చాలామటుకు అలాగే బయటికి పోతుంది. సున్నంతో నానితే ఆ జట్టు రాయిని వదిలి సున్నం చెయ్యి పట్టుకుని కరిగిపోతుంది. కరిగాక మనిషి ఒంట్లోకి పోవడానికి అడ్డం ఏముంది? అమ్మోనియా పోస్తే పసుపు మాయమైందని చంకలు గుద్దుకున్నాను. అమ్మోనియా చేసే పని సున్నం చెయ్యదా? వెండి గనుల దాకా వెళ్ళిన వాణ్ణి, సున్నపు కాయ దాకా రాలేకపోయాను.

కాని అరదళం సున్నంలోకి ఎలా వెళ్ళింది? మొహానికి పూసేది పొడి, సున్నం పెట్టరు. పైకే అనుకున్నాను కాబోలు. శేషారత్నం పప్పు రుబ్బుతూ, అరదళం సున్నం కలిపి ఎందుకు నూరుతారో మీకు తెలీదా అంది. తెలీదన్నాను. రోలు ఆపేసి నవ్వింది. గుండుగొలనులో వాళ్ళ మేనత్తకి పై పెదవి మీద నూగు ఉండేదట. నెలకోసారి తలుపేసుకుని ఆ ముద్ద రాసుకుని, వంద అంకెలు లెక్కపెట్టి తుడిచేసేదట. వెంట్రుకలు మంత్రించినట్టు ఊడొచ్చేవట. ముప్పై ఒక్క ఏళ్ళు మందులు కలిపారు, ఆడవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదా మీకు అంది.

చెప్పలేదు. నేను అడగలేదు.

గడ్డం మీసం మొలవని మొహం!

ఫిబ్రవరి 27, బుధవారం.

కొల్లేటికోటకి ఎల్లుండిగాని పడవ లేదట. ఎల్లుండి దాకా ఈ కాళ్ళని ఎక్కడ పెట్టుకోను?

మార్చి 1, శుక్రవారం. కొల్లేటికోట.

దోనెలో నాలుగు గంటలు. నీళ్ళు తగ్గి తూడు మొక్కలు బయటపడ్డాయి. గూడబాతులు గుంపులుగా కూర్చుని నన్ను చూసి లేవను కూడా లేదు.

మునసబు బుల్లిరాజు గారు మర్యాదస్తుడు. రండి రండి కాంపౌండరు గారూ, మీ చీటీ భద్రంగా పెట్టెలో పెట్టానండీ అన్నారు. ఆ పిల్లతో మాట్లాడాలన్నాను. కొట్టు తలుపు తీయించారు.

ఆదిలక్ష్మికి ఇరవై రెండేళ్ళుంటాయి. చేతిలో చిరిగిన వల. ఊరికే కూర్చోవడం ఎందుకని అల్లుతోందట. నన్ను చూసి లేచి నిలబడింది. నేనే ఆ చీటీ రాసింది అన్నాను. తెలుసండీ అంది. తప్పు రాశానమ్మా అన్నాను. మళ్ళీ వల అల్లడం మొదలెట్టింది.

మీ ఆయన అరదళం సున్నం కలిపి మొహానికి రాస్తాడా అని అడిగాను. చేతిలో వల ఆగింది. ఎవరు చెప్పారండీ అంది. ఎవరూ చెప్పలేదన్నాను. ఆటకి ముందు రోజు గుడిసె వెనక నత్తగుల్లలో కలుపుకుంటాడట. పెళ్ళయిన వారానికే చూసిందట. ఎవరికీ చెప్పనని పెద్దింటమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడట. ఆ ముద్ద మిగిలితే ఏం చేస్తాడు అన్నాను. అది తనకి తెలియదంది.

అమ్మా, ఈ ఒక్క మాట మునసబు గారికి చెబితే నువ్వు ఇవాళే ఇంటికి వెళ్తావు అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఊళ్ళో వాళ్ళు ఆయన మొహాన్ని అమ్మవారి మొహమని దణ్ణం పెడతారండీ, అది నా నోట్లోంచి పోకూడదండీ, ఆయన చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, మీరు చెబితే మటుకు నేను కాదంటానండీ అంది. గొంతు పెంచలేదు.

అక్కణ్ణించి సూరిబాబు దగ్గరికి. మంచం మీద ఉన్నాడు. వెంకటనరసమ్మని మంచినీళ్ళకి పంపి తలుపు దగ్గరకి వేశాను. పది రోజుల మాసిన గడ్డం దాచుకోవడానికి దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు. ముద్ద మిగిలితే ఏం చేస్తున్నావురా అబ్బాయ్ అన్నాను. చాలాసేపు బుకాయించాడు. చివరికి చెప్పాడు. గుల్ల కాల్చి సున్నం చెయ్యడం ఈ లంకల్లో ఎంత కష్టమో మీకేం తెలుసండీ, రాత్రి ఉంచితే పొద్దున్నకి పసుపంతా చచ్చిపోయి తెల్లటి సున్నమే మిగులుతుంది కదండీ, పారెయ్యడం ఎందుకని ఏడాదిగా మళ్ళీ నా సున్నపు కాయలోనే వేసుకుంటున్నానండీ అన్నాడు.

పసుపు చావలేదురా, దాక్కుంది అన్నాను. ఏడాదిగా నువ్వే నీకు విషం పెట్టుకుంటున్నావు, నీ పెళ్ళాం కొట్లో కూర్చుంది అన్నాను. గోడ వైపు తిరిగాడు. దుప్పటి లోపల భుజాలు కదులుతున్నాయి. మొహం పోతే నేనేం మిగులుతానండీ అన్నాడు.

ఆ సున్నపు కాయ మాత్రం అడిగి తెచ్చుకున్నాను. ఇచ్చాడు.

మార్చి 2, శనివారం. కొల్లేటికోట.

మునసబు గారి అరుగు మీద, పదిమంది పెద్దల ముందు. యాసిడు తేలేదు. తెచ్చినా ఏదో మాయ అంటారు. నిమ్మకాయలు తెప్పించాను. వెంకటనరసమ్మ ఇంటి సున్నం ఒక మూకుడులో, సూరిబాబు కాయలో సున్నం ఇంకో మూకుడులో. ఆరేసి కాయలు పిండించాను. మొదటిది బుసబుసమని ఊరుకుంది. రెండోది గంధపు రంగు తిరిగి, పసుపై, కంపు కొట్టింది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి జరిగారు. ఒక ముసలాయన, మూకుడు కడుపు బాగాలేదురోయ్ అన్నాడు.

విషం ఈ కాయలో ఉంది, అటక మీది పాషాణం కాదు, అరదళం అన్నాను. నేను రాసిన చీటీ అరకొర చీటీ, నాది తప్పు, వెనక్కి ఇచ్చెయ్యండి అన్నాను. ఆ మాట పదిమందిలో అనడానికి నాకు ఎంత సేపు పట్టిందో ఇక్కడ రాయను.

బుల్లిరాజు గారు నిదానంగా తల పంకించి, బాగానే ఉందండీ, అయితే ఆ కాయలో అరదళం కలిపింది ఎవరండీ, ఇంటి సున్నం నింపేది ఇల్లాలే కదండీ అన్నారు. సూరిబాబు పేరు నా నాలుక చివర దాకా వచ్చింది. గుంపు వెనక కొట్టు కిటికీ. కిటికీలో ఆదిలక్ష్మి. నేను చెబితే కాదంటానంది, అంటుంది కూడా. అప్పుడు నా మాటా పోతుంది, ఆ పిల్లకి ఉన్న ఒక్క దారీ పోతుంది.

కలిపిన వాడే చెప్పాలండీ అన్నాను.

అయితే ఆరో తారీకు దాకా చూద్దామండీ అన్నారు. చీటీ వెనక్కి ఇవ్వలేదు. సర్కారు దస్త్రంలో చేరిన కాగితమట.

మార్చి 4, సోమవారం.

ఇంటికి వెళ్ళలేదు. శేషారత్నానికి కబురు పంపాను. ఇక్కడ కాలవ గట్లు లేవు తిరగడానికి. లంక చుట్టూ ఒకసారి తిరిగితే మొదలెట్టిన చోటికే వస్తాను. రోజుకి పదిసార్లు వస్తున్నాను. సూరిబాబు తలుపు తీయడం లేదు.

మార్చి 6, బుధవారం.

జాతర. పడవల మీద పడవలు. పెందలాడే, ఇంకా ఎండ ఉండగానే తెర పట్టారు. సూరిబాబు ఆడతాడో లేదో ఎవరికీ తెలియదు. మద్దెల వాయించేవాడు నా వైపు చూసి భుజాలు ఎగరేశాడు. నేను వైద్యుణ్ణని అతని నమ్మకం.

తెర మీదుగా ముందు జడ వచ్చింది. జనం కేక పెట్టారు. తెర దించారు.

చీర, నడికట్టు, ముక్కెర, కాసుల పేరు, అన్నీ ఉన్నాయి. మొహానికి అరదళం లేదు. నల్లటి మొహం, దాని మీద పధ్నాలుగు రోజుల గడ్డం, మీసం.

ముందు ఎవరూ నవ్వలేదు. తరవాత ఎవరో ఒకడు, ఓరి నీ తస్సాదియ్యా, అమ్మగారు సన్యాసుల్లో కలిసిందిరోయ్ అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. లంకంతా నవ్వింది. సూరిబాబు ఆ నవ్వు అయ్యేదాకా నిలబడ్డాడు. నడుం మీద చెయ్యి, వేషంలో ఎలా నిలబడాలో అలాగే.

తరవాత చెప్పాడు. పాట కాదు, మామూలు గొంతుతో. ఇది నాకు పదహారో ఏటి నుంచీ మొలుస్తోందండీ అన్నాడు. అమ్మవారు నిమరలేదండీ, అరదళం సున్నం కలిపి నేనే పీకేసుకున్నానండీ, అమ్మవారి పేరు వాడుకున్నందుకు ఆ తల్లే చూసుకుంటుందండీ అన్నాడు. మిగిలిన ముద్ద నా కాయలో నేనే వేసుకున్నానండీ, ఆదిలక్ష్మికి అది తెలీదండీ, తెలిసినంత మటుకు కొట్లో కూర్చుని కూడా చెప్పలేదండీ అన్నాడు.  మద్దెల వాడు, ఎందుకో, ఒక్క దెబ్బ వేశాడు.

బుల్లిరాజు గారు లేచి తాళంచెవి వెంకటనరసమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ పరుగెత్తింది. కాలి పుండు మానాక ఆవిడ పరుగెత్తగా నేను చూడడం అదే మొదటిసారి.

ఆట జరిగింది. మీసంతోనే ఆడాడు. మొదటి పాటకి నవ్వారు. రెండో పాటకి తక్కువ నవ్వారు. ఎడబాటు పాట వచ్చేసరికి నా పక్కన ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదిలక్ష్మి వచ్చిందో లేదో నాకు కనిపించలేదు. చాలాసేపు వెతికాను.

మార్చి 11, సోమవారం. ఏలూరు.

సూరిబాబుని పెద్దాసుపత్రిలో చేర్పించాను. డాక్టరు గారు కాళ్ళు చూసి, కొంత తగ్గుతుంది, కొంత తగ్గదు అన్నారు. వచ్చే ఏడు ఆడవేషం వేరే కుర్రాడికి ఇస్తారట. రాజు వేషం ఇస్తామన్నారండీ, మీసం కొనుక్కోనక్కర్లేదు కదండీ అన్నాడు సూరిబాబు. నవ్వాలా వద్దా అని నా మొహం చూశాడు.

ఆదిలక్ష్మి రాలేదు. తాడేపల్లిగూడెం వెళ్ళిందట.

మార్చి 29, శుక్రవారం.

మధ్యాహ్నం ఆదిలక్ష్మి వచ్చింది. ఒక్కతే. కేసే లేకపోయాక మునసబు గారిని అడిగి నా చీటీ తెచ్చుకుందట. చదివి చెప్పండీ అంది. చదివాను, విషం ఉంది అని తెలుగు చేసి చెప్పాను.

అంతేనా అండీ అంది. అంతేనమ్మా అన్నాను.

ఇందులో నా పేరు ఎక్కడుందండీ అంది.

లేదు. రెండు పక్కలా చూశాను.